దేవుడికి పెట్టుకున్న దరఖాస్తు: ఎడ్వర్డ్ యంగ్ మీద జార్జ్ ఎలియట్ కోపం

1857 జనవరిలో ఇంగ్లండ్ పాఠకుల చేతికి ఇద్దరు పాదిరీల గురించి రెండు రచనలు వచ్చాయి. ఒకటి లండన్ పత్రిక వెస్ట్‌మిన్‌స్టర్ రివ్యూలో. అప్పటికి తొంభై ఏళ్ళ కిందట చనిపోయిన ఎడ్వర్డ్ యంగ్ అనే పాదిరీ కవిని ఉతికి ఆరేసిన వ్యాసం అది. రెండోది ఎడిన్‌బరో నుంచి వచ్చే బ్లాక్‌వుడ్స్ మ్యాగజీన్‌లో. ఏడాదికి 80 పౌండ్ల జీతంతో, ఆరుగురు పిల్లలతో ఈదలేక ఈదుతున్న ఆమోస్ బార్టన్ అనే పల్లెటూరి పాదిరీ కథ. మొదటిదాంట్లో జాలి వెతికినా దొరకదు. రెండోదాన్ని నడిపించేదే జాలి. రెండింటి కిందా రాసినవారి పేరు లేదు.

రెండూ రాసింది ఒకే మనిషి. పేరు మేరియన్ ఎవాన్స్, వయసు 37. ‘జార్జ్ ఎలియట్’ అన్న పేరు ఇంకా పుట్టలేదు, దానికి మరో నెల పట్టింది. కథని బ్లాక్‌వుడ్‌కి పంపిన ఆమె సహచరుడు జార్జ్ హెన్రీ లూయిస్ రచయిత ఎవరో చెప్పకుండా ‘నా పాదిరీ మిత్రుడు’ అని రాశాడు. అంటే లండన్‌లో ఒక పాదిరీ తోలు తీసిన మనిషి, అదే నెలలో ఎడిన్‌బరోలో పాదిరీగా చలామణీ అయిందన్నమాట.

యంగ్ మీద వ్యాసాన్ని, మతం వదిలేసిన ఒక మేధావి మతం మీద చేసిన దాడి అనుకుని పక్కన పెట్టేయడం తేలిక. నేనూ మొదటిసారి అలాగే చదివాను. రెండోసారి చదివినప్పుడు అది వేరుగా కనిపించింది. మనుషుల గురించి ఎలా రాయకూడదో తేల్చుకుంటూ, ఎలా రాయాలో పక్కనే గుర్తుపెట్టుకున్న కాగితంలా ఉంది. అందులో ఆమె చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఎవరీ యంగ్

ఇప్పుడు యంగ్‌ని చదివేవాళ్ళు తక్కువ. ‘వాయిదా వేయడమంటే కాలాన్ని దొంగలెత్తుకుపోవడమే’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ సామెత ఆయన పంక్తే అని ఆ సామెత వాడేవాళ్ళకే తెలియదు. కానీ 18వ శతాబ్దంలో, 19వ శతాబ్దం మొదట్లో ఆయన పెద్ద కవి. 1742 నుంచి 1745 వరకు తొమ్మిది ‘రాత్రులు’గా వచ్చిన ‘నైట్ థాట్స్’ యూరప్ అంతా తిరిగింది. చావు, కాలం, ఆత్మ అమరత్వం మీద అంత్యప్రాస లేని పద్యంలో దాదాపు 10,000 పంక్తులు. దానికి విలియం బ్లేక్ 537 బొమ్మలు గీశాడు.

దానికంటే ముందు యంగ్ వ్యంగ్య కవి. 1725 నుంచి 1728 మధ్య ‘కీర్తి కాంక్ష’ మీద ఏడు వ్యంగ్య కావ్యాలు రాశాడు. మనుషులు చేసే పిచ్చి పనులన్నిటికీ మూలం పేరు మీద యావే అని వాటి సారాంశం. పుస్తకాలు పోగేసేవాడు, పూలమొక్కల పిచ్చివాడు, కొత్త ఫ్యాషన్ల వెంట పడే అమ్మాయి, అందరికీ తలా ఒక చురక. చురకలు పదునైనవే. చిక్కల్లా ఏమిటంటే ఆ ఏడింటిలో చివరిదాన్ని అప్పటి ప్రధానమంత్రి రాబర్ట్ వాల్‌పోల్‌కి అంకితం ఇచ్చాడు. 1726 నుంచి ఏడాదికి 200 పౌండ్ల పింఛను అందుకున్నాడు. కీర్తి కోసం పడే పాట్లని వెక్కిరించే పద్యం కూడా ఆయన చేతిలో ఒక మెట్టుగా మారింది.

రాజుకి భాగవతం అంకితం ఇవ్వనన్న పోతన కథ మనం చిన్నప్పుడే వింటాం. యంగ్ దారి దానికి సరిగ్గా ఎదురు. లోకం అంతమయ్యే ‘అంతిమ దినం’ గురించి 1713లో ఒక కావ్యం రాసి, దాన్ని తీసుకెళ్ళి ఆన్ రాణికి అంకితం ఇచ్చిన మనిషి ఆయన. నలభై దాటాక పాదిరీ అయ్యాడు, 1728లో రెండో జార్జ్ రాజుకి ఆస్థాన పాదిరీల్లో ఒకడయ్యాడు, 1730లో హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని వెల్విన్ అనే ఊరి చర్చి దక్కింది. మర్నాడే అన్నంత తొందరగా 1731లో లిచ్‌ఫీల్డ్ ప్రభువు కూతురు, వితంతువు అయిన లేడీ ఎలిజబెత్ లీని చేసుకున్నాడు.

ఇక్కడ అప్పటి చర్చి పద్ధతి గురించి రెండు మాటలు చెప్పకపోతే ఎలియట్ వేసిన జోకులు సగం అర్థం కావు. ఇంగ్లండ్ చర్చిలో ఒక ఊరి పాదిరీ పదవి అంటే భక్తితోపాటు ఆదాయం కూడా. ఆ చర్చికి మాన్యం ఉండేది, ఊరి పంటలో పదోవంతు వచ్చేది, పెళ్ళికీ ఖననానికీ ఫీజులుండేవి. ఆ పదవి ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే హక్కు ఒక జమీందారు చేతిలోనో, ఒక కాలేజీ చేతిలోనో, రాజు చేతిలోనో ఉండేది. యంగ్‌కి వెల్విన్ ఇచ్చింది ఆక్స్‌ఫర్డ్‌లోని ఆల్ సోల్స్ కాలేజీ. ఆ పదవిని వాళ్ళు ‘లివింగ్’ అనే పిలిచేవారు, అంటే బతుకుతెరువు. దానిపైన బిషప్ పదవి. యంగ్ చివరిదాకా దానికోసం ఎదురు చూశాడు, రాలేదు. 1758లో, అంటే 75 ఏళ్ళ వయసులో, ఇంకా పదోన్నతి అడుగుతుంటే ఆర్చిబిషప్ సెకర్ జవాబు రాశాడు. మీ సంపదా మీ పేరూ మిమ్మల్ని ఆ అవసరానికి పైన ఉంచాయి, మీ భావాలు ఆ ఆరాటానికి పైన ఉంచాయి అని దాని సారం. అంత మర్యాదగా ‘లేదు పొండి’ అనడం కూడా ఒక కళే.

కూతురిలాంటి పాఠకురాలు

ఎలియట్ యంగ్‌ని బయటినుంచి చూసి తిట్టలేదు. ఆ పద్యాల మధ్యే పెరిగింది. 1819లో వార్విక్‌షైర్‌లో నన్ఈటన్ దగ్గర పుట్టింది. తండ్రి రాబర్ట్ ఎవాన్స్ ఒక పెద్ద ఎస్టేటుకి మేనేజరు. బడిలో మరియా లూయిస్ అనే ఉపాధ్యాయురాలి ప్రభావంతో ఆ పిల్లకి ఇవాంజెలికల్ భక్తి, అంటే బైబిల్‌నే పట్టుకుని నడిచే ప్రొటెస్టెంట్ నిష్ఠ, గట్టిగా పట్టింది. 1838లో అన్నతో మొదటిసారి లండన్ వెళ్ళినప్పుడు నాటకానికి రానంది. టీచరుకి రాసిన ఉత్తరాల్లో యంగ్ పంక్తులు దొర్లుతుంటాయి. ఆమె పేరు మొదటి అక్షరాలతో అచ్చయిన మొట్టమొదటి రచన కూడా ఒక మత పద్యమే, 1840లో క్రిస్టియన్ అబ్జర్వర్‌లో.

రెండేళ్ళకి అంతా తలకిందులైంది. 1842 జనవరిలో చర్చికి రానని తండ్రితో చెప్పేసింది. ఇంట్లో పెద్ద గొడవ. కొన్ని నెలలకి రాజీ కుదిరింది, చర్చిలో కూర్చుంటుంది, ఏం నమ్మాలో మాత్రం ఆమె ఇష్టం. ఆ తండ్రికే 1849లో ఆయన పోయేదాకా మంచం పక్కన ఉండి సేవ చేసింది. మధ్యలో స్ట్రాస్ రాసిన ‘యేసు జీవితం’ని జర్మన్ నుంచి అనువదించింది, తర్వాత 1854లో జర్మన్ తత్వవేత్త ఫోయర్‌బాఖ్ రాసిన ‘క్రైస్తవ మత సారం’ని. అదే ఏడాది నుంచి జార్జ్ హెన్రీ లూయిస్‌తో కాపురం. ఆయనకి అప్పటికే పెళ్ళయింది, విడాకులు దొరికే దారి లేదు. మర్యాదస్తుల ఇళ్ళ తలుపులు ఆమెకి మూసుకుపోయాయి.

ఈ మనిషి యంగ్‌ని మళ్ళీ తెరిచింది. ‘నైట్ థాట్స్’లో ఒక చోట ఆయన అంటాడు: అమరత్వం చస్తే సద్గుణమూ దాంతోపాటు చస్తుంది. నా ఆత్మ అమరం కాదు అని ఎవడైనా అంటే, వాడు ఎన్ని గొప్పలు చెప్పుకున్నా, తాను దుర్మార్గుణ్ణని నాకు చెప్పుకున్నట్టే. అలాంటివాడి ధర్మం తనని తాను ప్రేమించుకోవడమే, లోకం మునిగిపోయినా వాడికి పట్టకూడదు.

అంటే చిన్నప్పుడు కంఠతా పట్టిన కవి ఆమె మొహం మీదే ‘నువ్వు దుర్మార్గురాలివి’ అంటున్నాడు. తన చుట్టూ ఉన్న లండన్ అంటున్నదీ అదే మాట. వ్యాసంలోని వేడి ఎక్కణ్ణించి వచ్చిందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ఆమె ఎక్కడా ‘నేను’ అని తన కథ చెప్పదు. పేరులేని సమీక్షకుల ‘మేము’ వెనక ఉంటుంది. చిన్ననాటి ఇష్టాన్ని మాత్రం దాచలేదు. ‘నైట్ థాట్స్’లో చాలా పేజీలకి తొలి రోజుల ఆనందపు తోట వాసన ఇంకా అంటుకుని ఉందని ఒప్పుకుంటుంది. ఆ వెంటనే, పెద్దయ్యాక చేసిన చదువు తనకి నేర్పింది చెప్తుంది. స్వార్థానికి బాప్టిజం ఇచ్చి దానికి మతం అని పేరు పెట్టడానికి యంగ్ కవిత్వాన్ని మించిన ఉదాహరణ దొరకదట.

వలలో పడ్డ జీవి

వ్యాసం పేరు తెలుగులో చెప్పాలంటే ‘ఇహలోక యావ, పరలోక యావ’. మొదలే ఒక ఆట. మనుషుల ప్రకృతి చరిత్ర చదివే విద్యార్థులం అనుకుని 18వ శతాబ్దపు మొదటి సగంలో వల వేసి లాగుదాం అంటుంది. 1730 ప్రాంతంలో వలలో ఓ వింత జీవి పడుతుంది. యాభైకి దగ్గరపడ్డది, ఈ మధ్యే రూపం మార్చుకుని పాదిరీ అయింది. భజనపరుడికీ భక్తకవికీ పుట్టిన సంకరజాతి. ఒకసారి అంతిమ దినం తలుచుకుని దాని ఊహ రగులుతుంది, ఇంకోసారి కొత్త ప్రభువుల జాబితా చూసి రగులుతుంది. జార్జ్ రాజుకి జేజేలు, యెహోవాకి జేజేలు. చావు ఎంత గంభీరమైనదో ఖననం ఫీజు కూడా అంతే గంభీరం. నిత్యజీవం కోసమూ జీవనభృతి కోసమూ ఒకేసారి అలమటిస్తుంది. పోషకులంటే మొత్తంగా మహా ప్రీతి, కానీ అందరిలోకీ సర్వశక్తిమంతుడైతే ఇంకాస్త మేలు అనుకుంటుంది.

ఆ చివరి మాట దగ్గర నవ్వు రాకుండా ఉండదు. కానీ వ్యాసం మొత్తానికి ఇరుసు అదే. ఎలియట్ దృష్టిలో యంగ్ రెండు పనులు చేయలేదు, ఒక్క పనే రెండు చోట్ల చేశాడు. వాల్‌పోల్‌కి రాసిన అంకితమూ దేవుడికి రాసిన పద్యమూ ఒకే అర్జీ, చిరునామా మారింది అంతే. ఈ లోకం తుచ్ఛం అని తిట్టడం పైకి వైరాగ్యంలా కనిపిస్తుంది. లోపల లెక్క వేరు, ఇక్కడ వదులుకున్నదానికి అక్కడ వడ్డీతో సహా వస్తుంది. ఇహంలో యావ, పరంలో యావ వేరు వేరు జబ్బులు కావు.

వల ఉపమానం గాల్లోంచి రాలింది కాదు. 1856 వేసవిలో ఆమె, లూయిస్ కలిసి ఇల్‌ఫ్రాకూమ్, టెన్బీ తీరాల్లో గడిపారు. లూయిస్ సముద్ర జీవుల మీద రాస్తున్నాడు. రాళ్ళ గుంటల్లోంచి జీవుల్ని ఏరడం, తెచ్చి గాజు పాత్రల్లో పెట్టి చూడడం వాళ్ళ రోజువారీ పని. యంగ్‌ని కూడా అలాగే గాజులో పెట్టింది.

ఆ తర్వాత యంగ్ వ్యంగ్యాన్ని పట్టుకుంటుంది. నా దృష్టిలో వ్యాసంలో అన్నిటికంటే విలువైన పేరా ఇదే. వ్యంగ్యానికి బలం ఎక్కణ్ణించి వస్తుంది? మూడు చోట్ల నుంచి రావచ్చు అంటుంది. ఒకటి, ఒళ్ళు చీరేసే నిజమైన ఆగ్రహం. వేమన తెలిసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. రెండు, తాను నవ్వుతున్న ఈ పాపం మనిషికీ తనకీ చుట్టరికం ఉందని ఒప్పుకునే హాస్యం. మూడు, కవి అలెగ్జాండర్ పోప్‌కి ఉన్నట్టు, ఫలానా మనిషి మీద వ్యక్తిగత కక్ష. కక్ష మంచిదని కాదు. కక్ష ఉన్నవాడు తన శత్రువుని దగ్గరనుంచి చూస్తాడు, అందుకే ఆ బొమ్మకి ప్రాణం వస్తుంది. యంగ్ దగ్గర ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. నిజమైన, చిక్కులున్న మనిషిని ఆయన ఎన్నడూ చూపించలేకపోయాడు. అందరికీ తెలిసిన రకాల మీద నున్నగా చెక్కిన చల్లని చాటువులు చెప్పగలిగాడు. మైనపు మన్మథుడి బొమ్మ మీదనో ఒక దొరసాని చేతి తొడుగు మీదనో పద్యం కట్టినా ఇంతే ఆవేశం ఉంటుంది అని ముగిస్తుంది.

మతకవితలోనూ ఆమె పట్టుకున్న లోపం అదే. ఒక చోట యంగ్, మంచివాడు చేత్తో ఆకాశాన్ని పట్టుకుని ‘భూమీ, తిరుగు’ అని ఆజ్ఞాపిస్తాడు, దాని గిరగిరలు ఆయనకి తెలియనే తెలియవు అని రాశాడు. చదవడానికి గంభీరంగానే ఉంది. ఒక్క నిమిషం ఆగి ఆ దృశ్యాన్ని ఊహించుకోండి అంటుంది ఎలియట్. ఒక మనిషి ఆకాశాన్ని పట్టుకుని ఎప్పుడూ అలా వేలాడుతూ, కిందనున్న భూమిని చీదరించుకుంటూ తిరగమంటున్నాడు! నిజంగా ఏదో అనుభవించినవాడికి ఇలాంటి పోలిక తోచదు. పెద్ద మాటలు గుప్పించే ప్రతి సభలోనూ నాకు ఈ వేలాడే మనిషి గుర్తొస్తాడు.

దీనికి ఎదురుగా ఆమె పెట్టిన బొమ్మ చాలా చిన్నది. యంగ్‌కి సద్గుణం ఎప్పుడూ మబ్బులకి పైన కొండ మీద కూర్చుని కనిపిస్తుంది, మతం ఒక చేతిలో ఈ లోకాన్ని, ఇంకో చేతిలో పరలోకాన్ని పట్టుకుని ఆకాశంలోంచి దిగుతుంది. సాయంత్రం పూట పొయ్యి పక్కన మామూలు కోటు వేసుకుని కూర్చుని, చిన్న కూతురి తల మీద చెయ్యి వేసిన మనిషి మనసులో అవే ఎలా ఉంటాయో ఆయన ఒక్కసారీ చూడలేదు. ఈ కోటు మనిషిని గుర్తుంచుకోండి.

చచ్చిపోతాం కాబట్టే

నీతి గురించిన వాదన ఇప్పుడు వస్తుంది. పరలోకం లేకపోతే మంచిగా ఉండడమెందుకు అన్నది యంగ్ ప్రశ్న. ఎలియట్ దీనికి తత్వశాస్త్రం మొదలుపెట్టదు, ఒక మామూలు మనిషి చేత జవాబు చెప్పిస్తుంది. నేను నిజాయితీగా ఉండేది ఇంకో లోకంలో నాకు దెబ్బలు పడతాయని కాదు, ఈ లోకంలో ఇంకొకరికి చెడు చేయడం నాకు ఇష్టం లేక. నన్ను నేను మాత్రమే ప్రేమించుకోవడం లేదు. తోటి మనిషి బాధపడుతుంటే నాకు బాధ, అతను చచ్చిపోయే మనిషి కాబట్టి ఇంకా బాధ. ఉన్నదే ఇంత చిన్న బతుకు, అది కష్టంతో కాకుండా సుఖంతో నిండాలని నాకుంటుంది.

యంగ్ తర్కాన్ని ఇది బోర్లా తిప్పేసింది. ఆయన లెక్కలో చావు చివరిది అయితే మంచితనానికి అర్థం లేదు. ఆమె లెక్కలో చావు చివరిది కాబట్టే మంచితనానికి తొందర ఉంది. పొరుగువాడి హక్కుని గౌరవించడం, వాడి సుఖదుఃఖాల్లో పాలు పంచుకోవడం లాంటి గుణాలకీ, మరణం తర్వాతి జీవితం మీద నమ్మకానికీ ఎంత సంబంధం? ఊపిరితిత్తుల్లో వాయువుల మార్పిడికీ, వేరే గోళాల మీద జీవులున్నారా అన్న చర్చకీ ఎంత సంబంధమో అంతే అంటుంది.

ఇంతవరకు చదివి ఇది భక్తి మీద యుద్ధం అనుకుంటే, చివరి పేజీలు ఆ అనుమానాన్ని తీరుస్తాయి. యంగ్‌కి పోటీగా ఆమె నిలబెట్టింది ఏ నాస్తిక కవినో కాదు, విలియం కూపర్‌ని. యంగ్ కంటే గట్టి ఇవాంజెలికల్ ఆయన. ఓల్నీ అనే ఊళ్ళో ఉండి చర్చి పాటలు రాసినవాడు. దేవుడు తనని శాశ్వతంగా వదిలేశాడని నమ్మి పిచ్చి అంచుల దాకా వెళ్ళినవాడు. ఆయన సిద్ధాంతం యంగ్ సిద్ధాంతం కంటే చీకటైనది. అయినా 1785లో వచ్చిన ఆయన ‘టాస్క్’ కావ్యంలో చెట్టూ పుట్టా, పశువూ, పల్లెటూరి పేదవాడూ తమంతట తాముగా ప్రేమ పొందుతారు. పరలోకానికి మెట్లుగా కాదు. ఎలియట్ తూకం ఇది: యంగ్‌ది ఎదురుగా కనిపించేదాన్ని అవమానించి దూరానికీ అస్పష్టతకీ పరుగెత్తే మతం. కూపర్‌ది, ఒక వస్తువు ఎంత దగ్గరైతే అంత ఇష్టపడి, ఎంత బాగా తెలిస్తే అంత గౌరవించే ప్రేమ.

కాబట్టి ఆమె దృష్టిలో నమ్మకం ఉందా లేదా అన్నది అసలు పరీక్ష కాదు. దగ్గరున్నదాన్ని చూస్తున్నావా లేదా అన్నది పరీక్ష.

ఆమె చేసిన తప్పు

ఆ పరీక్ష ఆమెకే పెడదాం. యంగ్‌ని ఆమె దగ్గర నుంచి చూసిందా?

యంగ్ చేసిన తప్పేమిటి? చిక్కులున్న మనిషిని వదిలేసి అందరికీ తెలిసిన ఒక రకాన్ని పట్టుకుని దాని మీద మెరిసే చాటువులు చెప్పడం. మరి వలలో పడ్డ జీవి, సంకరజాతి, ఖననం ఫీజులు ఏమిటి? అవీ అంతే కదా. ఆ మొదటి పేజీ రాసేటప్పుడు యంగ్ ఆమెకి ఒక మైనపు బొమ్మ. అప్పట్లో అంకితాలూ పింఛన్లూ లేకుండా బతికిన కవులు ఎంతమంది? పుస్తకాలు అమ్ముకుని బతకడం అంత తేలిక కాదు. ఒక కాలపు రివాజుని ఒక్క మనిషి నెత్తిన రుద్దడంలో కొంత అన్యాయం ఉంది.

ఇంకొకటి. 1736 నుంచి నాలుగైదేళ్ళలో యంగ్ వరసగా ముగ్గుర్ని పోగొట్టుకున్నాడు. ఫ్రాన్స్‌లో లియాన్‌లో సవతి కూతురు పోయింది, తర్వాత ఆమె భర్త, ఆ వెంటనే తన భార్య. ‘నైట్ థాట్స్’ పుట్టింది అక్కణ్ణించే. ఎలియట్ ఇది గమనించకపోలేదు. తొలి రాత్రుల్లో కృత్రిమత్వం ఉన్నా, దాని మధ్యలోంచి పొరపడడానికి వీల్లేని నొప్పి అరుపు వినిపిస్తుందనీ, అది విన్నాక ఆయన స్వార్థాన్నీ అతిశయోక్తుల్నీ ఓర్చుకోగలమనీ అంటుంది. అన్నది కానీ ఎక్కువసేపు ఆగలేదు. మళ్ళీ కేసు నడపడంలో పడిపోయింది. భార్యని పోగొట్టుకున్న పాదిరీ గురించి ఇంకా చెప్పవలసింది ఉందని ఆ వ్యాసం చదివినవాళ్ళకి అనిపిస్తుంది.

ఆ చెప్పవలసింది రెండో పత్రికలో ఉంది.

ఆమోస్ బార్టన్

కథ రాయడం ఆమె 1856 సెప్టెంబర్‌లో మొదలుపెట్టింది. తన జీవితంలో అది కొత్త యుగమని తర్వాత డైరీలో రాసుకుంది. యంగ్ వ్యాసం, ఈ కథ ఆమె బల్ల మీద పక్కపక్కనే ఉన్న నెలలవి. వెస్ట్‌మిన్‌స్టర్ రివ్యూకి ఆమె రాసిన చివరి పెద్ద వ్యాసం యంగ్ మీదదే.

ఆమోస్ బార్టన్‌ని వెక్కిరించడానికి ఎంత కావాలంటే అంత సరుకుంది. తెలివి తక్కువ, నోటి తీరు బాగాలేదు, తను పెద్ద వ్యూహకర్త అనుకుంటాడు. ఒక చోట దిక్కులేని పేదల ఆశ్రమంలో ముసలివాళ్ళకి, ఇశ్రాయేలీయుల పులియని రొట్టెల గురించి ప్రసంగం చేస్తాడు. వినేవాళ్ళ ఊహని పిండి తొట్టిదాకా చక్కగా తీసుకెళ్తాడు, అక్కణ్ణించి ఆధ్యాత్మిక సత్యం దాకా మాత్రం ఎక్కించలేకపోతాడు. ఆ వాక్యంలో యంగ్‌ని చీల్చిన పదునే ఉంది. తేడా ఏమిటంటే ఈసారి రాసినామె ఆ గదిలోనే, ఆ ముసలివాళ్ళ పక్కన కూర్చుని ఉంది. బార్టన్ ఆదర్శ పురుషుడూ కాదు, అసాధారణుడూ కాదు అని ఆమె పాఠకుడితో నేరుగా చెప్తుంది. అలాంటివాడి కోసం సానుభూతి అడగడానికి సిగ్గుపడదు.

ఆ వ్యంగ్యం, ఆ చుట్టరికం కలిసి ఒకే వాక్యంలో ఇమడడానికి ఆమెకి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. 1871, 72ల్లో వచ్చిన ‘మిడిల్‌మార్చ్’లో బుల్‌స్ట్రోడ్ అనే బ్యాంకరు ఉంటాడు. దేవుడి పేరు లేనిదే నోరు విప్పడు. ఆస్తి వెనకాల దొంగ సొమ్ము తాకట్టు వ్యాపారం ఉంది, హక్కుదారుని దాచిన పాపం ఉంది. దేవుడికి సేవ చేయడానికే నాకీ డబ్బు అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. స్వార్థానికి బాప్టిజం అంటే ఇదే. 1857లో అయితే ఈయన వలలో పడ్డ ఇంకో జీవి అయ్యేవాడు. ఇక్కడ ఎలియట్ అంటుంది: లోకాన్ని మోసం చేయడానికి తెలిసి నటించే మోటు కపటులు ఉంటే ఉండొచ్చు, ఈయన వాళ్ళలో ఒకడు కాదు. కోరికలు నమ్మకాల కంటే బలమైనవై, ఆ కోరికలు తీర్చుకోవడానికి నమ్మకాల్లోనే సమర్థన వెతుక్కున్న మనిషి. దీన్నే కపటం అంటే, ఇది అప్పుడప్పుడు మనందరిలోనూ జరిగే పనే.

‘మనందరిలోనూ’. యంగ్ వ్యాసంలో ఈ మాట లేదు. బుల్‌స్ట్రోడ్ బండారం బయటపడ్డ రోజు, మంచి బట్టలంటే ఇష్టమైన ఆయన భార్య హారియట్ గదిలో తలుపేసుకుని నగలు తీసేస్తుంది, సాదా నల్ల గౌను వేసుకుంటుంది, కిందికి వచ్చి భర్త భుజం మీద చెయ్యి వేసి ‘తలెత్తండి, నికొలస్’ అంటుంది. ఏం చేశావని అడగదు.

దేవుడు, అమరత్వం అన్నవాటి మీద ఆమె అభిప్రాయం మారిందనుకోవద్దు. 1873 మే నెలలో కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీ తోటలో ఎఫ్. డబ్ల్యు. హెచ్. మయర్స్ అనే రచయితతో నడుస్తూ మూడు మాటల గురించి మాట్లాడింది. దేవుడు ఊహకి అందడు, అమరత్వం నమ్మడానికి వీల్లేదు, అయినా ధర్మం మాత్రం ఎంత ఖచ్చితమైనది, ఎంత తిరుగులేనిది అని. యంగ్‌కి జవాబు ఇంకా ఇస్తూనే ఉంది. తను పోయాక మళ్ళీ అచ్చు వేయడానికి సరిదిద్ది పెట్టుకున్న కొద్ది వ్యాసాల్లో యంగ్ వ్యాసాన్నీ ఉంచింది. 1884లో ఆ పుస్తకం వచ్చింది. అందులోని కాఠిన్యానికి ఆమె సిగ్గుపడలేదన్నమాట. పడి ఉంటే బాగుండేదని నాకొక్కోసారి అనిపిస్తుంది.

మళ్ళీ ఆమోస్ దగ్గరికి. కథలో అతని భార్య మిల్లీ, చాకిరీతోనూ కాన్పులతోనూ అరిగిపోయి చచ్చిపోతుంది. అప్పటిదాకా అతన్ని చూసి నవ్విన ఊరు, అప్పుడు అతని దుఃఖాన్ని చూసి మెత్తబడుతుంది. కొన్నాళ్ళకి ఆ ఉద్యోగమూ పోయి ఊరు వదలాల్సి వస్తుంది. చాలా ఏళ్ళ తర్వాత అతను ఒక్కసారి మిల్లీ సమాధి దగ్గరికి వస్తాడు. పిల్లలు తలో దిక్కూ వెళ్ళిపోయారు. ఆ రోజు పక్కన నిలబడ్డది పెద్ద కూతురు ప్యాటీ ఒక్కతే, పెళ్ళి చేసుకోకుండా తండ్రి దగ్గర ఉండిపోయిన పిల్ల.